గెలాక్సీ పరివేషమును, మన పండితంమన్యులును

ఆకాశమునుగూర్చి యేదేని క్రొత్తసంగతి పత్రికలలో వచ్చినతోడనే మన దేశమున రెండు కేకలు వినబడుట వాడుక. “దీనివలన మనకేమి యొరుగును?” అనునది మొదటిది. “ఇది మనవారెన్నడో చెప్పినదే” యనునది రెండవది. ఈ కేకలు వేయువారు చూపునకు పరస్పరవిరోధులు. ఒకరు కోటు తొడిగినవారు. ఒకరు ఉత్తరీయము కప్పినవారు. కాని వీరిరువురికిని నొక్క విషయమున సంపూర్ణమైన యైకమత్యము గలదు. ఆ సంగతి యేమో తెలిసికొను శ్రమమాత్రము పడగూడదని వీరి సమ్మతి.

దీనికి దృష్టాంతముగా నొక్క సంగతిని తీసికొందము. శరదృతువునందు, చంద్రుడు లేని రాత్రి, ఉత్తరాభాద్రకు కొంతదూరమున చిన్న తెల్లని మచ్చవలె నొక వెలుగు కంటికి గోచరించును. అది ఆండ్రొమీడా యను గెలాక్సీ. (ఈ మాటకు బదులుగా నొక సంస్కృతసమాసమును కల్పించుట మాకు కష్టము కాదు. పిల్లలందఱును గెలాక్సీ యనియే పలుకుచున్నారు గనుక మేమును అట్లే యనెదము.) అది మనకు 25 లక్షల కాంతిసంవత్సరముల దూరమున నున్నది. ఆ గెలాక్సీ చుట్టు కంటికి కనబడని వాయువు 13 లక్షల కాంతిసంవత్సరములవఱకు, కొన్ని దిక్కులందు 20 లక్షల కాంతిసంవత్సరములవఱకును వ్యాపించియున్నదని 2020వ సంవత్సరమున లేనర్ మొదలగు జ్యోతిశ్శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. మన పాలపుంత చుట్టును నట్టి వాయువే కలదు గనుక, ఈ రెండు గెలాక్సీల వాయువులును ఇప్పటికే యొండొంటిని తాకుచుండవచ్చునట. ఆ వాయువు కంటికి కనబడునదే యైనచో సప్తర్షి మండలమునకు మూడురెట్ల వెడల్పున నాకాశమున నిండియుండును.

ఈ వాయుమండలమునకు పరివేషమని పేరు పెట్టుదము. మన యిండ్లలో చంద్రునిచుట్టు కట్టు వలయమును వరదగుడి యందురు గదా, ఆ మాటయే దీనికిని చెల్లును. ఈ సంగతిని ముచ్చటించుచు నొక యుపన్యాసకుడు, ఇది మన పురాణములలోని క్షీరసాగరమే యనియు, పాశ్చాత్యులు దానిని నేడు కనుగొని తమదిగా చెప్పుకొనుచున్నారనియు సెలవిచ్చెను. సభ కరతాళధ్వనులతో మాఱుమ్రోగెను. మా ప్రక్కనున్న యొక పెద్దమనిషి మాత్రము చేతులు తట్టలేదు. “క్షీరసాగరమైన నేమి, గాలియైన నేమి? బియ్యము ధర తగ్గునా?” అని యాయన యడిగెను.

ఇట్టివారికి సమాధానము చెప్పుటకు ముందు, ఆ వాయువెట్లు తెలిసినదో చెప్పవలెను. తెలిసిన తీరు తెలియనిదే తెలిసిన సంగతికి విలువ లేదు.

1904వ సంవత్సరమున జర్మనీదేశమున పోట్స్‌డామ్ వేధశాలలో యోహానెస్ హార్ట్‌మన్ అను నాతడు, మన పల్లెలలో గొల్లకావడి యని పిలుచు మూడు చుక్కలలో నొకదాని వెలుగును వర్ణపటముగా విప్పి పరీక్షించుచుండెను. అది యొంటిచుక్క కాదు. ఒండొంటిచుట్టు తిరుగు జంట. చుక్క మనవైపు వచ్చునపుడు దాని వర్ణపటములోని నల్లగీతలు ఒక ప్రక్కకును, దూరముగా పోవునపుడు రెండవ ప్రక్కకును జరుగును. తక్కిన గీతలిట్లూగుచుండగా కాల్షియమునకు సంబంధించిన యొక్క గీత మాత్రము కదలక నిలిచియుండెను. ఉయ్యాలకు దీపమును కట్టి యూపుచు, ఎదుట పలుచని తెఱ వ్రేలాడదీసితిమనుకొనుడు. దీపము చిమ్నీకి బట్టిన మసి దీపముతో కూడ నూగును. తెఱమీది మచ్చ యూగదు. ఊగని మచ్చ దీపముది కాదు. ఆ గీతయు చుక్కది కాదు. చుక్కకును మనకును నడుమ నున్న వాయువుది. నక్షత్రములనడుమ నుండునది వట్టి శూన్యమే యను నమ్మకమున కది మొదటి దెబ్బ. 1919వ సంవత్సరమున నమెరికాలోని లిక్ వేధశాలలో విద్యార్థినిగా నుండిన మేరీ లీ హెగర్, ఉప్పులోనుండు సోడియపు గీతలును నట్లే నిలిచియుండుటను చూపెను.

ఇందు యంత్రముకంటె గొప్పది యుక్తి. ఆ యుక్తి మాకు పరాయిది కాదు. కొండమీది పొగను జూచి యగ్గినూహించుటను మేము బాల్యమున తర్కశాస్త్రములో చదివితిమి. హేతువు నిర్దుష్టముగా నున్నదా, అది సాధ్యమును వదలి మఱియొకచోట నుండగలదా యని పరీక్షింపక యనుమానమును ఒప్పుకొనగూడదని మా గురువులు మమ్ము దండించి నేర్పిరి. హార్ట్‌మన్ చేసినదియు నదియే. ఆ గీత చుక్కదే యైనచో నూగవలెను, ఊగలేదు, కావున చుక్కది కాదు. 

అది గెలాక్సీ లోపలి వాయువు. వెలుపలి సంగతి యింకను చిత్రము. పాలపుంత యనునది పల్చని పళ్ళెమువంటిది. దాని నక్షత్రములును వాయువును చాలవఱకాపళ్ళెముననే యుండును. కాని పళ్ళెమునకు చాల ఎత్తున గూడ వాయుమేఘములున్నట్లు గ్వీడో మ్యూంచ్ పరిశీలనలవలన తేలెను. చుట్టును నొత్తుడు లేనిదే యట్టి మేఘము విచ్చి చెదరిపోవలెను గదా! అది చెదరక యేల నిలిచినది? 1956వ సంవత్సరమున లైమన్ స్పిట్జర్ ఈ ప్రశ్నకొక సమాధానము వ్రాసెను. ఆ మేఘముల చుట్టును కంటికి కనబడనిదియు, మిక్కిలి పలుచనిదియు, పదిలక్షల డిగ్రీల వేడి కలదియునగు వాయువుండి వానినొత్తి పట్టుచున్నదని యతని యూహ. ఎంత పలుచన? మనము పీల్చు గాలిలో ఘన సెంటీమీటరునకు, అనగా నించుమించుగా చింతగింజంత చోటునకు, సుమారు రెండున్నర లక్షల కోట్ల కోట్ల అణువులుండును. స్పిట్జర్ చెప్పిన వాయువులోనో, రెండు లీటర్ల చెంబెడు చోటునకు ఒక్క ఎలక్ట్రాను.

పదిలక్షల డిగ్రీల వేడియనగానే కొందఱు గుండె పట్టుకొందురు. ఆ వాయువులో చేయి పెట్టిన వెచ్చనగూడ కాదు. దీపావళినాడు కాకరపువ్వొత్తి రవ్వలు చేతిమీద పడిన పిల్లలు నవ్వుదురు. చెంబెడు మరిగిన నీళ్ళు పడిన బొబ్బలెక్కును. రవ్వయే ఎక్కువ వేడిది, నీళ్ళలోనే ఎక్కువ ఉష్ణము. ఒక్కొక్క కణము వడిగా పరుగెత్తుట వేఱు, కణములు రాశిగా నుండుట వేఱు.

అంత వేడి వాయువు తన గుఱుతులను అతినీలలోహిత కిరణములలో వేయును. ఆ కిరణములను మన భూమిమీది గాలి రానీయదు. కావున గాలికి వెలుపల దూరదర్శిని నుంచవలెనని స్పిట్జర్ 1946వ సంవత్సరముననే వ్రాసియుండెను. ఆకాశమున కొక్క యుపగ్రహమైనను పోని దినములవి! హబుల్ దూరదర్శిని 1990వ సంవత్సరమున పైకి బోయెను. అతినీలలోహిత వర్ణపటములను దీయు క్రొత్త యంత్రమును 2009వ సంవత్సరమున మనుష్యులు పోయి దానికి బిగించిరి. 2011వ సంవత్సరమున టమ్లిన్‌సన్ మొదలగువారు 42 గెలాక్సీల పరివేషములను ఆ యంత్రముతో పరీక్షించి ఫలితములను ప్రకటించిరి. స్పిట్జర్ 1997వ సంవత్సరముననే గతించెను.

ఈ పరీక్షలో వాయువును చూచినవారెవ్వరును లేరు. దానికంటె నెంతో దూరమున క్వేసారులను మహాకాంతిగల దీపములున్నవి. ఆ వెలుగు మనకు వచ్చుత్రోవలో గెలాక్సీ పరివేషమును దూసికొని వచ్చినచో, వాయువు తనకు చెందిన రంగులను కొంచెము మ్రింగివేయును. ఆ కొఱతనుబట్టి యెంత వాయువు, ఏ మూలకము, ఎంత వేగము అనునవి లెక్కకట్టుదురు. ఆండ్రొమీడా విషయమున నట్టి దీపములు 43 దొరకినవి. పందిట చీకటిలో నిలిచియున్న జనమును, అవతలనున్న 43 దీపములలో నేవి యెంతెంత మఱుగుపడినవో చూచి లెక్కపెట్టుటవంటిది.

ఇక క్షీరసాగరవాదులను పలుకరింతము. మేము సంస్కృతమును ద్వేషించువారము కాము. దానియన్నము తినుచున్నవారము. అందుచేతనే యీ వాదము మాకు మిక్కిలి బాధాకరము. నిన్నటివఱకు పరివేషము సంగతి తెలియనప్పుడు క్షీరసాగరమున కేమి యర్థము చెప్పితిరి? అది తెలిసిన మఱునాడే యీ యర్థమెట్లు పుట్టినది? ఏడు సముద్రములలో క్షీరసాగరము గెలాక్సీ వాయువైనచో ఇక్షుసాగరమేమి? సురాసాగరమేమి? దధిసాగరమేమి? వానికిని పాశ్చాత్యులేవైన కనుగొనువఱకు మనము వేచియుండవలెనా? కవి కల్పించిన సముద్రము కవిత్వముగా నున్నంతకాలము దానికి క్షయము లేదు. దానిని వాయువని తేల్చినచో రేపు కొలతలు మాఱినపుడు దానిని కూడ మార్చవలసివచ్చును.

ఇంకొక వర్గము వారు కొంత శాస్త్రజ్ఞానము కలవారు. వీరు క్షీరసాగరమును వదలి, పంచభూతములలోని యాకాశమే యీ వాయువందురు. వీరు తమ శాస్త్రమునే చదువలేదని మేము చెప్పవలసివచ్చుచున్నది. వైశేషికుల యాకాశము ఒక్కటి, అంతటను వ్యాపించినది, నిత్యము, నిరవయవము, శబ్దగుణకము. పరివేషవాయువో, ముక్కలుముక్కలుగా నున్నది. ఒకచోట నెక్కువ, ఒకచోట తక్కువ. వేడెక్కును, చల్లాఱును, కదలును, పడును. నిరవయవమైనదానిని సావయవమైనదానితో నేకముచేసినవానిని మా తర్కగురువు తరగతినుండి వెలుపలికి పంపియుండెడివాడు. పూర్వులకు గౌరవము చేయుచున్నామనుకొని వీరు వారి నిర్వచనములనే పాడుచేయుచున్నారు. పూర్వులు మనకిచ్చిన సొమ్ములలో దొడ్డది ప్రమాణపరీక్ష; వీరు దానిని పెట్టెలో పెట్టి తాళమువేసి, పెట్టెకు పూజచేయుచున్నారు.

ఈ జాడ్యము మన యొక్కరిదే కాదు, నేటిదియు కాదు. ఢాకా చేరువ పల్లెలో చిన్న దుకాణదారునకు పుట్టిన మేఘనాద సాహా 1920వ సంవత్సరమున, వేడినిబట్టి పరమాణువులు తమ ఎలక్ట్రానులనెట్లు కోల్పోవునో తెలుపు సమీకరణమును కనుగొని, నక్షత్రముల వర్ణపటములకు సరియైన యర్థము చెప్పెను. ఈ సంగతి నాతడుత్సాహముతో నొక న్యాయవాదికి వివరించుచుండగా, ఇవి యన్నియు వేదమందున్నవే యని యాయన మాటిమాటికి ననెనట. వేదమున నెచ్చట నని సాహా యడుగగా, తాను వేదమును చదువలేదు గాని యందుండునని తన విశ్వాసమని బదులు వచ్చెనట. సాహా యీ కథను తరువాత ‘భారతవర్ష’ యను వంగ మాసపత్రికలో వ్రాసికొనెను. ఆ మాట విన్నపిమ్మట వేదములు పురాణములు కొన్నియేండ్లు చదివిచూచితిననియు, అందట్టిది దొరకలేదనియు గూడ చెప్పెను. పరివేషమున పలుచగా పరచుకొన్న వాయువునకు సాహా సమీకరణము ఉన్నదున్నట్లు వర్తింపదు. అచ్చట స్థితులు వేఱు. కాని గీతలనుబట్టి పరమాణువు ఎన్ని ఎలక్ట్రానులు పోగొట్టుకొన్నదో, దానినిబట్టి పరిసరములెట్టివో చదువు విద్యకు మూలపురుషులలో నాతడొకడు. అట్టివాడు మనవాడని చెప్పుకొనుటకు మనకు తోచదు. చదువని గ్రంథములోని కనబడని వాక్యము మనదని చెప్పుకొనుటకు గొంతు లేచును!

ఇట్టి శాస్త్రమున మనవారి పాలు నేటికిని కొఱవడలేదు. మన చంద్రశేఖరుని పేరుపెట్టిన ‘చంద్ర’ యను ఎక్స్‌కిరణముల దూరదర్శినితో 2012వ సంవత్సరమున అంజలి గుప్తా, స్మితా మాథుర్ మొదలగువారు పాలపుంత చుట్టునున్న వేడివాయువును పరిశీలించి, దాని బరువు గెలాక్సీలోని నక్షత్రములన్నిటి బరువుతో తులతూగవచ్చునని లెక్కించిరి. ఆ లెక్కను అందఱు నొప్పుకొనలేదు. ఒప్పుకొననివారిని దేశద్రోహులని యెవ్వరును తిట్టనులేదు.

బియ్యము ధర యడిగిన పెద్దమనిషికి కూడ సమాధానము బాకీయున్నది. తగ్గదు. ఈ యన్వేషణమువలన నేదో క్రొత్త యంత్రము పుట్టి యెప్పుడో మన వంటింటికి వచ్చునని కొందఱు శాస్త్రాభిమానులు నచ్చజెప్పజూతురు. మాకా బేరము నచ్చదు. లాభముచూపి జ్ఞానమును అమ్మబోయినవాడు లాభములేనినాడు దానిని పారవేయుటకు ఒప్పుకొన్నవాడే. అయినను ఆ పెద్దమనిషి గృహస్థు. గాదె సంగతి యెఱిగినవాడు. ఆ భాషలోనే చెప్పెదము. పాలపుంతలో నేటేట నించుమించుగా సూర్యునంతటి బరువు, కొందఱి లెక్కలో దానికి రెండింతలు, వాయువు క్రొత్త నక్షత్రములుగా మాఱుచున్నది. పళ్ళెములోనున్న వాయువీ వెచ్చమునకు కొన్నివందల కోట్ల యేండ్లకంటె రాదు. గెలాక్సీ వయస్సో, వేయికోట్ల యేండ్లు దాటినది. గాదెలో నాఱునెలల ధాన్యమున్న యింట పదేండ్లుగా పొయ్యి యాఱలేదన్నచో, ధాన్యము వెలుపలినుండి వచ్చుచున్నదని యా గృహస్థునకు వేఱుగా చెప్పవలెనా? పరివేషమే యా వెలుపలి పొలము. వరదగుడి కట్టిన వాన వచ్చునని మన అవ్వలనుట యిచ్చట నక్షరాల నిజమైనది.

ఆ వానలో నొక చినుకును మనవారందఱును పేరుతో నెఱుగవలెను. 1963వ సంవత్సరమున హాలండులోని లైడెన్ విశ్వవిద్యాలయమున చదువుచుండిన గెయిల్ స్మిత్ అను విద్యార్థిని, ఉదజని వెలువరించు రేడియోతరంగములలో నొక మేఘమును కనుగొనెను. శ్రవణా నక్షత్రమున్న గరుడమండలపు దిక్కుననే యది యున్నది. పొడవు 11,000 కాంతిసంవత్సరములు, వెడల్పు 2,500. సుమారు మూడుకోట్ల యేండ్లకు పాలపుంత పళ్ళెముపై బడి, ఇరువదిలక్షల సూర్యులకు చాలిన వాయువును తెచ్చియీయగలదని లెక్క. అది యెచ్చటిది? గెలాక్సీకి వెలుపల పుట్టిన స్వచ్ఛవాయువైనచో నందు గంధకమువంటి మూలకములు మిక్కిలి తక్కువగా నుండవలెను. దాని వెనుకనున్న మూడు దూరదీపముల వెలుగును హబుల్‌తో పరీక్షింపగా, గంధకము సూర్యునిలో నున్నదానికి సగమువఱకున్నదని 2016వ సంవత్సరమున ప్రకటించిరి. కావున అది పరాయి మేఘము కాదు. పాలపుంతనుండియే యెప్పుడో పైకి లేచి, తిరిగి యింటికి వచ్చుచున్నది. నక్షత్రములలో వండబడిన కర్బనము నిట్లే గెలాక్సీ పళ్ళెమును దాటి, పరివేషమున నాలుగులక్షల కాంతిసంవత్సరముల దూరమువఱకు వ్యాపించి తిరుగాడుచున్నదని 2024వ సంవత్సరమున మఱియొక పరిశీలనమువలన తెలిసినది. మన యొడలిలోని కర్బనము కొంతయు నట్లే పోయి వచ్చినదై యుండునని యా పరిశీలకులు చెప్పుచున్నారు. పొయ్యిలోని బొగ్గుకు, పెద్దమనిషి బియ్యమునకు కూడ నీ యాత్ర తప్పియుండదు. ధర తగ్గకపోయినను చరిత్ర తెలిసినది.

మాకు కోపము తెప్పించునది వేఱొకటి కలదు. కనుగొన్నవారి పేర్లు చూడుడు: హెగర్ చదువుకొనుచుండగా, స్మిత్ చదువుకొనుచుండగా. మన యిండ్లలో నాడపిల్ల రాత్రివేళ డాబామీదికి పోయి చుక్కలు చూచుచున్న “క్రిందికి రా” యందుము. పదేండ్ల బాలిక యొకతె తరగతిలో “చుక్కకును చుక్కకును నడుమ నేమున్నది?” అని యడిగినది. “శూన్యము, వ్రాసికొమ్ము” అని యుపాధ్యాయుడు చెప్పెను. అతడు మా వృత్తివాడే, పేరు చెప్పము. ఆ బాలిక వ్రాసికొన్నది. పరీక్షలో మార్కు వచ్చినది. హార్ట్‌మన్ చూపి నూఱేండ్లు దాటినది! ఆ యుపాధ్యాయుడు సాయంకాలము సభకు వచ్చి క్షీరసాగరమునకు చేతులు తట్టినవారిలో నుండెను. ఉదయము శూన్యము, సాయంకాలము పాలసముద్రము: రెంటి నడుమ నొక్క ప్రశ్నయైనను ఆయనను బాధింపలేదు.

అన్నియు ముందే తెలిసినవారికి మేమొక చిన్న మనవి చేసికొందుము. 2011వ సంవత్సరపు పరీక్షలో, క్రొత్త నక్షత్రములు పుట్టుచున్న గెలాక్సీల చుట్టు ఐదు ఎలక్ట్రానులు కోల్పోయిన ప్రాణవాయువు విస్తారముగా కనబడినది. పుట్టుక నిలిచిన గెలాక్సీల చుట్టు నించుమించుగా కనబడలేదు. అట్లైన పరివేషము ఎండినందుననే పుట్టుక నిలిచినదని తేలికగా చెప్పవచ్చుననుకొనుచుండగా, 2012వ సంవత్సరమున ఆ నిలిచినవాని చుట్టు గూడ చల్లని ఉదజని సమృద్ధిగా నున్నట్లు బయటపడెను. వాన నిలిపినదెవ్వరు? ఆ ప్రాణవాయువుండు చోటు మూడులక్షల డిగ్రీల వేడిదా, లేక చల్లగా నుండి దూరపు కిరణములచేత ఎలక్ట్రానులు పోగొట్టుకొన్నదా? దీనిపై శాస్త్రజ్ఞులలో నిప్పటికిని వాదము నడచుచున్నది. తేలిన తరువాత మనకెన్నడో తెలుసుననుట సులభము. తేలకముందే చెప్పుటకు అవకాశమిదే. ఏ గ్రంథము, ఏ కాండము, ఏ వాక్యము, దానికి అన్వయమేమి, దానినిబట్టి వేడియెన్ని డిగ్రీలు, అని నాలుగు పంక్తులలో వ్రాసి, క్రింద చేవ్రాలు చేసి, తేదీ వేసి యీ పత్రికకు పంపిన చాలును. వ్యాఖ్యానము మాకక్కఱలేదు, మూలమును మేము చదువుకొనగలము.